చెల్లని చీటీలు

ఒక మాటని నేను పలక్కుండా ఎదుటివాళ్ళ చేత పలికించాలి. నా ఉద్యోగం అంతే. దానికి జీతం కూడా ఇచ్చేవారు.

మా డిక్షనరీ ఆఫీసు మాంచెస్టర్‌లో ఉండేది. ఇంగ్లండు పల్లెల్లో, కార్ఖానాల్లో జనం నోట నానే మాటలన్నీ పోగేసి పుస్తకం వేయాలని ప్రొఫెసర్ ఆంట్రోబస్ గారి పట్టుదల. పోగేసేవాళ్ళం నలుగురం. ఆయన మాకు పెట్టిన మొదటి నియమం, అడిగేవాడు మాట అందించకూడదు. "దీన్ని ఫలానా అంటారా?" అని అడిగామనుకోండి, మర్యాదస్తులు అవునంటారు, మొండివాళ్ళు కాదంటారు. రెండూ నమ్మడానికి లేదు. అందుకని వస్తువు చూపించి నోరు మూసుకుని కూర్చోవాలి. మాట దానంతట అదే రావాలి. వచ్చాక చీటీ మీద రాసుకోవాలి, ఎవరన్నారో, ఎప్పుడన్నారో.

1953 మార్చిలో నన్ను బర్స్‌లెం పంపారు. ఒకే ఒక్క మాట కోసం. ఫెటిల్.

"ఎఫ్ అక్షరంలో అదొక్కటే తేలడం లేదు డెనిస్. దాని అర్థాలన్నీ ఊడ్చుకుని రా" అన్నారు ప్రొఫెసర్ గారు.

బర్స్‌లెంలో అన్నీ పింగాణీ కార్ఖానాలే. మొదటిరోజే ఒకదాంట్లోకి వెళ్ళాను. పొడుగాటి గదిలో నలభైమంది ఆడవాళ్ళు బల్లల ముందు కూర్చుని ఉన్నారు. అచ్చులోంచి తీసిన పచ్చి కప్పుకి పక్కన సన్నటి అతుకు గీత ఉంటుంది. దాన్ని చిన్న కత్తితో గీకి, తడి స్పాంజితో తుడిచి, పక్కన పెడుతున్నారు. గుమ్మానికి దగ్గరగా ఉన్న అమ్మాయి మోచేతుల దాకా తెల్లటి మట్టి. కనుబొమల మీద కూడా.

"గుడ్ మార్నింగ్. మీరిప్పుడు చేస్తున్న దాన్ని ఏమంటారండీ?" అన్నాను.

ఆమె నా నోటుబుక్కు చూసింది, బూట్లు చూసింది. "పని అంటామండీ."

"అది కాదు. ఆ కత్తితో, ఆ గీత మీద..."

"ఓహో, అదా. కడుపు నింపుకోవడం అంటాం."

"ఇంకొంచెం ప్రత్యేకంగా..."

"ప్రత్యేకంగా అంటే, సోమవారమైతే నడుం నొప్పి అంటాం. శుక్రవారమైతే మెడ నొప్పి."

గది గదంతా నవ్వింది. పక్క బల్ల దగ్గర ఫ్లోరీ అనే పెద్దావిడ, "ఒసే విన్నీ, గడియారం ఏ జేబులో పెట్టాడో చూడవే" అంది.

అప్పుడు వెలిగింది నాకు. నోటుబుక్కు పట్టుకుని బల్ల పక్కన నిలబడేవాడంటే వాళ్ళకి ఒక్కడే తెలుసు. గంటకి ఎన్ని కప్పులు గీకుతున్నారో లెక్కవేసి కూలి రేటు తగ్గించే మనిషి.

"అయ్యో, నేను అతన్ని కాదండీ. నేను మాటల కోసం వచ్చాను."

"మాటలా? ఏ మాట?"

"అది నేను చెప్పకూడదు."

"ఎందుకట?"

"నేను చెబితే చెల్లదు."

ఆమె కత్తి బల్ల మీద పెట్టింది. "అంటే నీకు కావలసిన మాటేదో నీకు తెలుసు. కానీ నువ్వు చెప్పవు. నేనే చెప్పాలి. అంతేనా?"

"అంతే."

"నువ్విలా తిరుగుతున్నావని మీ ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుసా బాబూ?"

ఆ పూట ఒక్క చీటీ కూడా రాయలేదు. తల వంచుకుని బయటికి వస్తుంటే వెనకనుంచి ఆమే కేకేసింది. "మాటలే కావాలంటే మా నాయనమ్మ దగ్గరికి వెళ్ళు. చాపెల్ వీధిలో చివరి ఇల్లు. ఆవిడ వద్దన్నా ఆపదు."

ఎగతాళికే అంది. నేను నిజంగానే వెళ్ళాను.

నాయనమ్మ పేరు కెజియా టామ్స్. ఎనభై ఒక్కేళ్ళు. అందులో నలభై ఆ కార్ఖానా బల్ల ముందే గడిచాయట. నేనెవరో పూర్తిగా వినకుండానే టీ పోసి, ఓట్స్ రొట్టెలో చీజ్ చుట్టి చేతిలో పెట్టింది.

"ఇప్పుడే పొయ్యి ఫెటిల్ చేసి కూర్చున్నాను అబ్బాయ్. మోకాళ్ళు ఈ వారం మంచి ఫెటిల్‌లో లేవు. పక్కింటాయన సైకిలు చెడిపోతే మా తమ్ముడి కొడుకు అయిదు నిమిషాల్లో ఫెటిల్ చేశాడు, వాడు మోకాళ్ళు చేయలేడుగా. అదిగో, ఆ పిల్లి మళ్ళీ మెట్టెక్కింది! ఉండవే, నిన్ను ఫెటిల్ చేస్తా!" అని చీపురు అందుకుంది.

నా పెన్సిలు ముల్లు విరిగింది. శుభ్రం చేయడం ఒకటి. ఒంట్లో ఉన్న స్థితి రెండు. బాగుచేయడం మూడు. పని పట్టడం నాలుగు. రెండు కప్పుల టీలో నాలుగు అర్థాలు వచ్చాయి. నేను నోరు తెరిచింది రొట్టె తినడానికి మాత్రమే.

అయిదున్నరకి విన్నీ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"వచ్చేశాడా ఇతను!"

"నువ్వే పంపావటగా" అంది నాయనమ్మ.

"సిగ్గుపడి వెనక్కి పోతాడనుకున్నా."

"ఎక్కడి సిగ్గు? మూడో రొట్టె తింటున్నాడు. ఫెటిల్ ఫెటిల్ అంటే చాలు, ముఖం చాటంత చేసుకుంటున్నాడు."

విన్నీ నా వైపు తిరిగింది. "ఫెటిల్? ఈ మాట కోసమా మా బల్ల చుట్టూ పిల్లిలా తిరిగావు? పొద్దస్తమానం మేం చేసేది అదేగా! మా పనికి పేరే అది! ఫెటిల్ చేసేవాళ్ళమనేగా మమ్మల్ని పిలిచేది!"

నేను గబగబా రాసుకున్నాను.

"ఏంటి రాస్తున్నావు?"

"మీరిప్పుడన్నది. పూర్తి పేరు, వయసు చెబుతారా?"

"విన్నీ టామ్స్. ఇరవైమూడు. ఎందుకు, పుస్తకంలో వేస్తారా?"

"వేస్తాం. మాట కింద, అన్నవాళ్ళ పేరు కూడా."

ఆమె శుభ్రంగానే ఉన్న చేతుల్ని ఏప్రన్‌కి మళ్ళీ తుడుచుకుంది. "మా వీధిలో ఇప్పటిదాకా ఎవరి పేరూ పుస్తకంలో పడలేదు. చర్చి రిజిస్టర్లో తప్ప" అంది నెమ్మదిగా.

ఆ తర్వాత ప్రతి శనివారం మధ్యాహ్నం, కార్ఖానా వదిలాక, నేను చాపెల్ వీధిలోనే తేలేవాణ్ణి. చీటీ ఎలా రాయాలో, పట్టి తెచ్చిన మాటకి సాక్షిగా కింద తన పేరే వేయాలనీ విన్నీకి చెప్పాను. చెప్పడం ఒక్కసారే. ఆమెవి పాము చెవులు, నావి వాటిముందు దిగదుడుపే. బస్సులో, సంతలో, పాటల సాధనలో ఎవరేమన్నా పట్టేసేది. నియమం కూడా నాకంటే గట్టిగా పట్టుకుంది. మాంసం కొట్టువాడి చేత ఆ మాట అనిపించడానికి వంగిపోయిన కొక్కెం వైపు పదినిమిషాలు అలా చూస్తూ నిలబడిందట. చివరికి వాడే విసుక్కుని, "ఫెటిల్ చేస్తాలేవమ్మా, ముందు ఏం కావాలో చెప్పు" అన్నాడట.

మే నెలలో ఒక చీటీ తెచ్చింది. చాపెల్‌లో పాట మొదలుపెట్టే ముందు పాటల మేష్టారు అన్నది. "గొంతులు ఫెటిల్ చేసుకోండి."

నేను కుర్చీలోంచి లేచాను. "గొంతు సవరించుకోవడానికా! విన్నీ, ఇది ఎక్కడా లేదు! ఇప్పటిదాకా అచ్చయిన ఒక్క పుస్తకంలోనూ లేదు!"

"అంటే పట్టింది నేనే మొదటా?"

"మీరే మొదట."

"ఇంకా 'మీరు' ఏంటి? రెండు నెలల్నుంచీ మా ఇంట్లో రొట్టెలు తింటూ."

ఆరోజు ఊరి వెనక గుట్ట ఎక్కాం. కింద సీసాల్లాంటి బట్టీలు పొగ కక్కుతున్నాయి. ఆమె అడిగింది. "సరే, మేమంటే కప్పులు గీకుతూ అంటాం. చదువుకున్నవాళ్ళు ఎప్పుడైనా వాడారా ఈ మాటని? కథల్లో, పద్యాల్లో?"

"ఆరువందల ఏళ్ళ కిందట వాడారు. వీరుల కథలు రాసిన కవులు. అసలు అది నడుముకి కట్టుకునే పటకా పేరు. దాంట్లోంచి నడుం బిగించి సిద్ధమవడం వచ్చింది. యుద్ధానికి పోయే దొర తన్ను తాను ఫెటిల్ చేసుకున్నాడని రాశారు."

"తర్వాత?"

"తర్వాత గుర్రాన్ని చేశారు. ఇంటిని చేశారు. మెల్లిగా పెద్ద కవులు వదిలేశారు. ఇప్పుడెవరైనా వాడినా, కథలో నవ్వించే పనివాడి చేత అనిపిస్తారు."

ఆమెకి నచ్చలేదు. "ఓహో! దొర బెల్టు కట్టుకుంటే కవిత్వం. నేను కప్పు చెవి గీకితే హాస్యం."

"నేను రాయలేదు కదా."

"ఎప్పుడూ అదే. నియమం నేను పెట్టలేదు, పద్యం నేను రాయలేదు. ఇంతకీ నువ్వు చేసేదేంటో చెప్పు."

"నీ చీటీని ఆ దొర చీటీ పక్కన పెడతాను. ఒకే పేజీలో. మధ్యలో గీత కూడా ఉండదు."

ఆమె నా వైపు చూసింది, అంతే. ఈలోగా వాన అందుకుంది. బర్స్‌లెం వాన తెల్లగా ఉండదు, మసితో కలిసి పడుతుంది. నా రెయిన్‌కోటు ఇద్దరం నెత్తిన వేసుకుని గుట్ట దిగాం. ఆమె ముక్కు మీద నల్లటి చుక్క ఒకటి పడింది. చెప్పాలా వద్దా అని ఇంటిదాకా ఆలోచించి, చెప్పలేదు. ఆ సాయంత్రం నేను ఆమెని ప్రేమించాను. దీన్ని ఇంకోరకంగా చెప్పడం నాకు రాదు.

రాదు సరే, ఆమెకైనా చెప్పాలిగా. అక్కడే నా బుద్ధి గడ్డితింది. ఆరేళ్ళుగా ఎవరికీ మాట అందించని మనిషిని. అందిస్తే చెల్లదన్నది ఎముకల్లో ఇంకిపోయింది. నేను ప్రేమిస్తున్నానంటే మర్యాదకి అవునంటుందేమో. ఆమె అంతట ఆమే అనాలి. అందుకని చుట్టూ తిరిగి అడిగేవాణ్ణి.

"విన్నీ, ఒక మనిషి ప్రతి శనివారం ఒకే ఇంటికి వస్తున్నాడనుకో. మీ వీధిలో దాన్నేమంటారు?"

"ఆకలి అంటారు."

"అతనికి రొట్టెల మీద అంత మోజు లేదనుకో."

"అయితే బుద్ధిలేదంటారు."

వంటగదిలో నాయనమ్మకి పొలమారింది.

జులైలో ప్రొఫెసర్ గారి ఉత్తరం వచ్చింది. ఆగస్టులో కార్ఖానాల సెలవులు మొదలయ్యేలోగా చీటీలన్నీ కట్టి పంపాలి. ఆ తర్వాత నేను ఉత్తరాన కంబర్లాండ్ వెళ్ళాలి, రెండేళ్ళకి. నేను చీటీలు ముందేసుకుని కూర్చున్నాను. నియమాల కాగితం కూడా పక్కన పెట్టుకున్నాను. పదకొండో నియమం ఇలా ఉంది. సేకరించేవాడి చుట్టాలు, అతను ప్రేమించినవాళ్ళు సాక్షులుగా చెల్లరు. అతను వినాలనుకున్నదే వాళ్ళు చెబుతారు గనక.

విన్నీ చీటీలు ముప్పయ్యొకటి. నేను ఎర్రసిరాతో ఒక్కొక్కదాన్నీ అడ్డంగా కొట్టేశాను. నిజాయితీకి ఇంత మూర్ఖత్వం తోడైతే ఏమవుతుందో అప్పుడు తెలియలేదు.

శనివారం కట్ట చూస్తానని ఆమే అడిగింది. వాళ్ళింట్లో బల్లమీద పెట్టాను. ఆమె వేరుగా ఉన్న చిన్నకట్ట అందుకుంది.

"ఇవేంటి? ఈ ఎర్రగీతలేంటి?"

"అవి... పంపడం లేదు."

"అన్నీ నావే."

"అవును."

"గొంతులు సవరించుకునేది కూడానా?"

"అదీ."

"ఎందుకు?"

"నియమం ఒప్పుకోదు."

"నాయనమ్మది ఒప్పుకుంది. ఫ్లోరీ అక్కది ఒప్పుకుంది. నాదొక్కటే ఒప్పుకోలేదా?"

"విన్నీ, ఎందుకంటే... నువ్వు కొంచెం ఆలోచిస్తే... ఎందుకై ఉంటుందో నువ్వే..."

"ఇప్పుడు కూడా నేనే చెప్పాలా?"

ఆమె గొంతు పెంచలేదు. చీటీలు ఒకదాని మీద ఒకటి సర్దింది. "నా పేరు పుస్తకంలో పడుతుందని వీధంతా చెప్పుకున్నాను. కార్ఖానాలో నలభైమందికి చెప్పాను. మా అమ్మ బతికుంటే అమ్మకీ చెప్పేదాన్ని. నచ్చకపోతే మొదట్లోనే అనాల్సింది, కప్పులు గీకేదాని మాట మాకెందుకని." కట్ట ఏప్రన్ జేబులో పెట్టుకుని పైకి వెళ్ళిపోయింది. తలుపు మెల్లిగానే వేసుకుంది. గట్టిగా వేసినా బాగుండేది.

నాయనమ్మ నా ముందునుంచి టీ కప్పు తీసేసింది. "అబ్బాయ్, నువ్వు మంచివాడివే. కానీ దేవుడు నీకు నోరెందుకిచ్చాడో నాకైతే తెలియడం లేదు."

ఆదివారమంతా గదిలో పచార్లు చేశాను. ఆమె నన్ను వద్దంటే తట్టుకోగలనేమో, కానీ ఆమె మాటని నేను చిన్నచూపు చూశానని నమ్ముతూ ఉండిపోతే మాత్రం తట్టుకోలేను. సోమవారం పొద్దున్నే కార్ఖానాకి వెళ్ళాను. మిగతా అందరూ కత్తులు ఆపేశారు. ఆమె ఆపలేదు.

"విన్నీ, పదకొండో నియమం వల్ల కొట్టేశాను" అన్నాను.

"ఎన్నోదైతే నాకెందుకు?"

"విను. సేకరించేవాడి చుట్టాలు గానీ, అతను ప్రేమించినవాళ్ళు గానీ సాక్షులుగా చెల్లరు. అదీ నియమం."

"నేను నీకు చుట్టాన్నా?"

"కాదు."

ఫ్లోరీ ఉండబట్టలేక, "మరింకేం, రెండోదేగా మిగిలింది!" అంది.

"నువ్వు అందించకక్కా" అంది విన్నీ, నా మీంచి చూపు తిప్పకుండా. "అతన్నే చెప్పనీ."

"రెండోదే" అన్నాను. "నిన్ను ప్రేమిస్తున్నాను విన్నీ. గుట్ట మీద వాన పడ్డ రోజునుంచి. నీ అంతట నువ్వే అంటావని కూర్చున్నాను. తప్పు నాదే. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఆమె చేతిలో కప్పు చెవి ఊడి బల్లమీద పడింది. దాన్ని తీసి మట్టి తొట్టిలో వేసింది. నేననుకున్నంత సంతోషం ఆ ముఖంలో లేదు.

"అంటే, నేను సరేనంటే నా మాటలు పోతాయి. కాదంటే ఉంటాయి."

"కాదన్నా ఉండవు. ప్రేమించింది నేను కదా."

"బాగుంది! తప్పు నువ్వు చేస్తే శిక్ష నాకా?"

"అంతే" అన్నాను.

"అయితే విను. నాకు మాటలూ కావాలి. వాటిని పుస్తకంలోకి ఎక్కించు. అప్పటిదాకా నీకు నా దగ్గర అవునూ లేదు, కాదూ లేదు. ఇక వెళ్ళు, మా కూలి పోతోంది."

ఆ రాత్రే ప్రొఫెసర్ గారికి ఉత్తరం రాశాను. జరిగిందంతా రాసి, ఈ సాక్షి చెల్లకుండా పోయింది నా వల్లేనని, ఆమె చెవిలాంటి చెవి మా నలుగురిలో ఎవరికీ లేదని, కావాలంటే నన్ను ఉద్యోగంలోంచి తీసేసి ఆమె మాటలు ఉంచమని రాశాను. మూడోరోజుకి జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. "నువ్వు ప్రేమిస్తే ఆమె నీకు చెల్లదు, నాకు చెల్లుతుంది. శనివారం నేనే వస్తున్నాను."

పదకొండేళ్ళుగా ఆఫీసు కుర్చీ వదలని మనిషి ఆయన.

అది సెలవుల మొదటి శనివారం. బట్టీలు ఆర్పేశారు. ఊళ్ళో సగంమంది సముద్రం చూడ్డానికి పోయారు. విన్నీ కూడా వెళ్ళాల్సింది, టిక్కెట్టు ఫ్లోరీ కూతురికి ఇచ్చేసి ఉండిపోయింది. ప్రొఫెసర్ గారు గొడుగు తలుపు పక్కన పెట్టి, నన్ను మూల కుర్చీలో కూర్చోబెట్టి, "నువ్వు నోరు విప్పితే లేచి వెళ్ళిపోతాను" అన్నారు. కలం మూత రెండుసార్లు తీసి, రెండుసార్లు పెట్టారు. చీటీలతో తప్ప మనుషులతో మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

ఆయన పొయ్యి చూపించారు. కప్పు చూపించారు. పిల్లిని చూపించారు. ఏమీ తెలియనట్టు ముఖం పెట్టి గంటన్నర అడిగారు. విన్నీ అన్నీ చెప్పింది, తడుముకోకుండా, తన తీరులో. పాటల మేష్టారి మాట దగ్గర ఆయన కలం ఆగిపోయింది. "ఇంకోసారి అనండి" అన్నారు. అంది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని రాసుకున్నారు. ముప్పయ్యొక్క చీటీలూ ఆయన చేతిరాతతో, ఆమె పేరుతో, ఎర్రగీత లేకుండా బల్లమీద పేర్చారు.

"ఇవి ఉంటాయిగా?" అంది విన్నీ.

"నేనున్నంతకాలం ఎవరూ ముట్టుకోరు."

అక్కడితో లేవాలి. కానీ చాలాకాలానికి మాట్లాడే మనిషి దొరికిందన్న హుషారులో ఆయన మామూలు ప్రశ్నల పట్టీ కూడా తీశారు. కోళ్ళు, వంటపాత్రలు, చుట్టరికాలు.

"ఆ కిటికీ తలుపు ఊడింది కదా. ఎవరు బాగుచేస్తారని పక్కింటావిడ అడిగిందనుకోండి. ఈ వీధిలో ఆడవాళ్ళు ఏమని చెబుతారు?"

పెళ్ళైన ఆడవాళ్ళు మొగుణ్ణి ఏమంటారో రాబట్టే ప్రశ్న అది. నేనే వందమందిని అడిగుంటాను. విన్నీ కిటికీ వైపు చూడలేదు. తల తిప్పి, మూలన కూర్చున్న నన్ను చూసింది.

"మా ఆయన చేస్తాడని చెబుతా" అంది. "చేతకాదనుకోండి. అయినా అలాగే చెబుతా."

"ఇంకా పెళ్ళే కాలేదు కదే పిల్లా!" అంది నాయనమ్మ.

"పుస్తకం అచ్చయ్యేలోగా అవుతుందిలే నాయనమ్మా."

ప్రొఫెసర్ గారు తల ఎత్తలేదు. మాట రాసుకుని, కింద ఆమె పేరు రాసి, ఊరు, తేదీ వేశారు. నాకు నోరు విప్పే అనుమతి లేదు. లేచి పెరట్లోకి వెళ్ళి బొగ్గుల కొట్టు గోడకి ఆనుకుని నిలబడ్డాను. కళ్ళు తుడుచుకుంటుంటే లోపల ప్రొఫెసర్ గారు కోడిపిల్లల గురించి అడగడం, విన్నీ జవాబు చెప్పడం వినిపిస్తూనే ఉంది.